నలభై ఏడు నిమిషాలు ఎక్కడికి పోతున్నాయి?

ఒక ఆదివారం రాత్రి పదిన్నరకి కాకినాడ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, పాప ఫొటోలు తెరుచుకోవడం లేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంది" అంది. "అప్‌డేట్ అవుతోందమ్మా, కాసేపాగి చూడు" అన్నాను. "పోయిన ఆదివారమూ ఇదే చెప్పావు. నేను చూసేదే పడుకోబోయే ముందు" అని పెట్టేసింది.

ఆ మాట నన్ను పట్టుకుంది. హైదరాబాద్‌లో మా ఇంట్లో టీవీ వెనకాల ఒక పాత లాప్‌టాప్ ఉంటుంది. 8 జీబీ ర్యామ్, లోపల 128 జీబీ ఎస్ఎస్‌డీ, బయట యూఎస్‌బీకి తగిలించిన 2 టీబీ హార్డ్ డిస్క్. బ్యాటరీ ఇంకా బతికే ఉంది కాబట్టి కరెంటు పోయినా ఆగదు. హోమ్ సర్వర్ అంటే మా ఇంట్లో అదే. అమ్మ చూసే ఫొటోలుండే ఇమ్మిచ్, సినిమాలు చూపించే జెల్లీఫిన్, ప్రకటనల్ని అడ్డుకునే పై-హోల్, ఇంట్లో పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్, నేను రాసుకున్న రెండు మూడు చిన్న స్క్రిప్టులు కలిపి 14 కంటెయినర్లు నడుస్తున్నాయి. కంటెయినర్ అంటే ఒక ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవాటితో సహా విడిగా ఉంచే పెట్టె, వాటిని నడిపేది డాకర్. ఆదివారం రాత్రి పదింటికి ఒక షెల్ స్క్రిప్టు అన్నిటినీ అప్‌డేట్ చేస్తుంది. మొదట్లో పది నిమిషాల్లో అయ్యేది. అమ్మ ఫోన్ చేసిన రోజున 49 నిమిషాలు పట్టింది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఏ దశలో ఎంత సమయం పోతోందో గడియారం పెట్టి చూడకుండా, నెమ్మదికి మందు వెయ్యకూడదు. మందు పనిచెయ్యదని కాదు. పనిచేస్తేనే ఎక్కువ నష్టం జరగొచ్చు. ఎలాగో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

మొదటి అనుమానం నెట్ మీదే

నెలనెలా డబ్బు కడుతున్నది నెట్‌కే కాబట్టి, ఏది నెమ్మదించినా కోపం ముందు దాని మీదికే పోతుంది. నేనూ అంతే. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 200కి మార్చాను. ఆ తర్వాతి ఆదివారం 49 కాస్తా 47 అయింది. నెట్ సరిగా రావడం లేదని ఫిర్యాదు పెట్టాను. మర్నాడు ఫైబర్ కుర్రాడు వచ్చాడు, రూటర్‌కి తన ఫోన్ కలిపి స్పీడ్ టెస్ట్ చూపించాడు. 200 నిండుగా వస్తోంది. "నెట్ మంచిగనే వస్తుంది సార్. మీ డబ్బాలనే ఏదో ఉన్నట్టుంది, ఒకసారి చూస్కోండి" అన్నాడు. అతను వెళ్లాక లెక్క వేశాను. ఆ వారం దిగిన ఇమేజ్‌లన్నీ (కంటెయినర్లని తయారుచేసే మూటలు) కలిపి సుమారు 2.5 జీబీ. 100 ఎంబీపీఎస్‌లో సెకనుకి పన్నెండున్నర ఎంబీ వస్తుంది, అంటే నాలుగు నిమిషాల లోపే మొత్తం దిగిపోవాలి. ప్లాన్ మార్చకముందే ఈ కూడికా భాగహారం చేసి ఉండవలసింది. మిగిలిన నలభై అయిదు నిమిషాలకీ నెట్‌కీ సంబంధమే లేదు.

ఆ ఇమేజ్‌లు దొరికే డాకర్ హబ్ సైటు పెట్టిన పరిమితి వల్లేమో అని కూడా అనుకున్నాను. 2020 నవంబరు నుంచి లాగిన్ కాకుండా దింపుకునేవాళ్లకి ఆరు గంటలకి 100 పుల్‌లే (పుల్ అంటే ఇమేజ్ దింపుకోవడం) అన్న నియమం వచ్చింది. కానీ పరిమితి దాటితే అది నెమ్మదించదు, ఎర్రర్ ఇచ్చి తిప్పి పంపేస్తుంది. అక్కడితో ఆ అనుమానం వదిలేశాను.

అప్పుడు చెయ్యవలసిన పని చేశాను. స్క్రిప్టులో ప్రతి లైను ముందూ సమయం పడేలా మార్చి, ఆ వారం మొత్తం అవుట్‌పుట్‌ని ఫైల్లోకి పంపి, మర్నాడు పొద్దున్నే కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. డౌన్‌లోడ్ రెండున్నర నిమిషాలు. దిగినదాన్ని విప్పి డిస్క్ మీద పరచడం 33 నిమిషాలు. పాత కంటెయినర్లు ఆగడానికి ఒకటిన్నర. కొత్తవి సరిగా పనిచేస్తున్నాయని చెక్‌లో తేలి "హెల్దీ" అనిపించుకునేదాకా ఎదురుచూపు నాలుగు. పై-హోల్ ఒక్కదాని దగ్గరే అయిదున్నర. మిగిలిన అర నిమిషం చిల్లర.

47 నిమిషాలు అన్నప్పుడు ఒకే పెద్ద రోగంలా కనిపించింది. విడదీసి చూస్తే అయిదు వేరు వేరు సంగతులు. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు.

గింజ గింజా లెక్కపెట్టడం

పుల్ జరిగేటప్పుడు స్క్రీను మీద "డౌన్‌లోడింగ్" అన్న గీత జరజరా పరుగెత్తి, "ఎక్స్‌ట్రాక్టింగ్" దగ్గర నిలబడిపోవడం మీరూ చూసే ఉంటారు. డాకర్ మామూలుగా మూడేసి లేయర్లని (ఇమేజ్‌లోని పొరల్ని) ఒకేసారి దింపుతుంది. విప్పేటప్పుడు మాత్రం ఒక ఇమేజ్‌లోని లేయర్లని కింది నుంచి పైకి, ఒకదాని తర్వాత ఒకటిగానే పరుస్తుంది, ఎందుకంటే పై లేయరు కింది దాని మీద నిలబడాలి. ఆ లేయర్లలో ఉండేవి పెద్ద ఫైళ్లు కావు. పైతాన్ లైబ్రరీలు, నోడ్ మాడ్యూళ్లు, వేలకి వేలు చిన్న చిన్న ఫైళ్లు.

బియ్యం బస్తాని ఎత్తి లోపల పెట్టడం ఒక పని. అదే బస్తా విప్పి గింజ గింజా లెక్కపెట్టి డబ్బాలో వెయ్యడం ఇంకో పని. బరువు ఒకటే. నా యూఎస్‌బీ డిస్క్ మీదికి సినిమా ఫైలు కాపీ చేస్తే సెకనుకి 100 ఎంబీ దాకా వస్తుంది, ఆ అంకె చూసే డిస్క్ బాగుందని ఇన్నాళ్లూ నమ్మాను. కానీ అది నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్, సెకనుకి 90 చుట్లు. కావలసిన చోటు, చదివి రాసే హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే అయిదున్నర మిల్లీసెకన్లు. హెడ్ అటూ ఇటూ జరగడానికి ఇంకో పది పన్నెండు. చెల్లాచెదురు రాతలైతే సెకనుకి అరవై డెబ్బైకి మించి సాధ్యం కాదు. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వీలైనన్నిటిని కూడగట్టి ఒకేసారి రాస్తుంది గానీ, ఈ హద్దు హద్దే.

దానికి తోడు ఈ చిన్న సైజు యూఎస్‌బీ డిస్కుల్లో ఎక్కువ భాగం షింగిల్డ్ రకం. నాదీ అదే. మా అమ్మమ్మ వాళ్లది పెంకుటిల్లు. వానాకాలం ముందు పగిలిన పెంకు ఒక్కటి మార్చాలన్నా, దాని మీద కప్పుకుని ఉన్న పై వరసల్ని కదిలించి మళ్లీ సర్దేవాళ్లు. ఈ డిస్క్ మీద ట్రాకులు అలాగే ఒకదాని అంచు మీదికి ఇంకోటి ఎక్కి ఉంటాయి. మధ్యలో చిన్న ముక్క మార్చాలంటే ఆ పట్టీ అంతా తిరగరాయాలి. అందుకని ముందుగా వచ్చిన రాతల్ని పక్కనున్న చిన్న జాగాలో దాచుకుని, తీరిగ్గా సర్దుకుంటుంది. ఆ జాగా నిండిపోతే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. మొదటి రెండు మూడు ఇమేజ్‌లు చకచకా అయిపోయి, ఇమ్మిచ్ దగ్గరకి వచ్చేసరికి ఎందుకు చతికిలబడేదో నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఇమ్మిచ్ ఇమేజ్‌లే బరువనుకున్నాను.

విప్పడం ప్రాసెసర్ పని కూడా కదా, పాత లాప్‌టాప్ కదా అన్న సందేహం వచ్చింది. టాప్ కమాండ్‌లో చూస్తే ప్రాసెసర్ కాలంలో మూడొంతులు డిస్క్ కోసం ఎదురుచూడటంలోనే పోతోంది, లెక్కలు చెయ్యడంలో కాదు. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో చెడిపోయిన సెక్టార్లు లేవు. కేబుల్‌ని ఇంకో పోర్టుకి మార్చినా పెద్ద తేడా రాలేదు. చిల్లర రాతలకి పోర్టు వేగంతో పనేముంది.

ఒక్కటి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. కంపోజ్ (కలిసి పనిచేసే కంటెయినర్లని ఒక జట్టుగా నడిపే డాకర్ సాధనం) ఒక ప్రాజెక్టులోని ఇమేజ్‌లన్నిటినీ ఒకేసారి పుల్ చేస్తుంది. నాలుగు ఇమేజ్‌లు ఒకేసారి విప్పుకుంటుంటే, ఉన్న ఒక్క హెడ్ నాలుగు చోట్లకీ పరుగెత్తాలి. ప్యారలల్ పరిమితిని ఒకటికి తగ్గించి ఒక్కొక్కటే దింపమన్నాను. 33 నిమిషాలు 24కి వచ్చింది. పైసా ఖర్చు లేదు, అయినా తొమ్మిది నిమిషాలు మిగిలాయి.

డాకర్ డేటాని ఆ డిస్క్ మీద పెట్టింది కూడా నేనే. రెండేళ్ల కిందట లోపలి ఎస్ఎస్‌డీ నిండిపోతోందని, డాకర్ డైరెక్టరీ మొత్తాన్ని బయటి డిస్క్‌కి తరలించాను. ఆ రోజు చూసింది జాగా ఒక్కటే. వాడని పాత ఇమేజ్‌లని ప్రూన్ చేసి (తుడిచేసి) ఉంటే సగం జాగా అక్కడే దొరికేది, ఎప్పుడూ చెయ్యలేదు.

పై-హోల్ సంగతి

నా స్క్రిప్టు ప్రతి ఫోల్డర్లోకీ అక్షర క్రమంలో వెళ్లి, ముందు "డౌన్" (ఆపడం), తర్వాత "పుల్", ఆ తర్వాత "అప్" (లేపడం) చేసేది. పై-హోల్ ఫోల్డర్‌కి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించండి. ఇంటి మొత్తానికీ సైటు పేర్లకి అడ్రసులు వెతికిపెట్టే డీఎన్ఎస్ అదే. ఆ లాప్‌టాప్ కూడా దాన్నే అడుగుతుంది. దాన్ని ఆపేసి, ఆపిన తర్వాత ఇమేజ్‌లుండే రిజిస్ట్రీ అడ్రసు వెతకమంటున్నాను. చెప్పేవాళ్లు లేరు. పుల్ విఫలం. నెట్ తడబడుతుందేమోనని ఎప్పుడో ఒక ముందు జాగ్రత్త రాసుకున్నాను: విఫలమైతే నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించు, అయిదుసార్లు. అయిదు నిమిషాల పైచిలుకు ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు. ఆఖరికి విసిగి పాత ఇమేజ్‌తోనే పై-హోల్ లేస్తుంది, స్క్రిప్టు ముందుకి పోతుంది.

పాత ఇమేజ్‌తోనే. ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. వెళ్లి ఇమేజ్ తేదీ చూశాను. ఏడు నెలల పాతది. ఏడు నెలలుగా ప్రతి ఆదివారం అప్‌డేట్ చేస్తున్నాననుకుంటూ, ఇంటి నెట్ మొత్తానికి గుమ్మంలా ఉండే కంటెయినర్‌ని ఒక్కసారీ అప్‌డేట్ చెయ్యలేదు. ఎర్రర్ లాగ్‌లో ఉంది. లాగ్ ఎప్పుడూ తెరవలేదు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. విజయవాడలో ఉన్న నా స్నేహితుడికి మొదటి వారమే ఈ గోల చెప్పాను. "ఒరేయ్, మూడు ఆదివారాలు పాడుచేసుకునే బదులు ఎస్ఎస్‌డీ కొని పడెయ్, గంటలో తేలిపోతుంది" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. డబ్బు కన్నా సెలవు రోజు విలువైనదన్నది నిజమే, పైగా చివరికి నేను కొన్నది ఎస్ఎస్‌డీయే. ముప్పై నిమిషాలు తగ్గించింది అదే. కొలిచి చూడటం వల్ల విడిగా తగ్గినవి పది పన్నెండు నిమిషాలే అని వాడంటే, కాదనలేను.

కానీ మొదటి వారమే కొని పెట్టి ఉంటే 47 నిమిషాలు పదహారో పదిహేడో అయ్యేవి. నేను సంతోషంగా ఆ సంగతి మర్చిపోయేవాణ్ణి. పై-హోల్ ఎనిమిదో నెలకీ, తొమ్మిదో నెలకీ అలాగే ఉండేది. ఆ అయిదున్నర నిమిషాల నెమ్మది ఒక్కటే నాకు తెలియని తప్పుని చూపించిన ఆనవాలు. మంచి మందు వేస్తేనే ఎక్కువ నష్టం అని పైన అన్నది దీని గురించే. జ్వరం తగ్గిపోతే ఇంకెవరూ రక్త పరీక్షకి వెళ్లరు.

నెమ్మదిని వెంబడించిన వాళ్ల గురించి తలుచుకుంటే నాకు ఆండ్రెస్ ఫ్రాయిండ్ గుర్తొస్తాడు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. 2024 మార్చిలో తన యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని గమనించి, వదిలెయ్యకుండా తవ్వుకుంటూ పోయి, ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో పెట్టిన దొంగ తలుపుని బయటపెట్టాడు. అర సెకను కోసం. ఇంకాస్త వేగమైన ప్రాసెసర్ కొనుక్కుంటే సరిపోతుందని ఆయన అనుకోలేదు. నా పై-హోల్ అంత పెద్ద సంగతేమీ కాదు, ఆ పోలిక నేను తేను. ఎక్కడ ఆగుతోందో చూడాలన్న బుద్ధి మాత్రం ఒకటే.

తగ్గించకూడని ఎదురుచూపులు

ఆగడానికి పట్టిన ఒకటిన్నర నిమిషం సరిగ్గా తొమ్మిది పదులు. తొమ్మిది కంటెయినర్లు ఒక్కోటీ పది సెకన్లు. డాకర్ ముందు మర్యాదగా సిగ్‌టర్మ్ (ఇక ఆగమనే సంకేతం) పంపుతుంది, పది సెకన్లు చూస్తుంది, వినకపోతే సిగ్‌కిల్, అంటే బలవంతంగా చంపడం. కంటెయినర్లో ఒకటో నంబరు ప్రాసెస్‌గా నడిచేదానికి ఆ సంకేతాన్ని అందుకునే హ్యాండ్లర్ రాసి ఉండకపోతే కెర్నల్ సిగ్‌టర్మ్‌ని దానిదాకా పోనివ్వదు. కాబట్టి పది సెకన్లూ వృథాగా గడిచి, చివరికి అది చంపబడి, 137 అన్న ఎగ్జిట్ కోడ్ మిగులుతుంది. అందులో నా స్క్రిప్టులూ ఉన్నాయి. కంపోజ్ ఫైల్లో "ఇనిట్: ట్రూ" అని ఒక్క లైను చేర్చితే చాలావరకు సరిపోయింది.

ఆ పది సెకన్లని రెండుకి కుదించమని కొందరు సలహా ఇస్తారు. డేటాబేస్ విషయంలో ఇది ప్రమాదమని నా గట్టి అభిప్రాయం. పోస్ట్‌గ్రెస్‌ని మధ్యలో చంపేస్తే లేచేటప్పుడు లాగ్ చదివి కోలుకోవడానికి అంతకంత సమయం తీసుకుంటుంది. ఇమ్మిచ్ డేటాబేస్‌కి నేను గడువుని పదికి బదులు 60 సెకన్లకి పెంచాను. అరవై ఎప్పుడూ పట్టదు, కానీ కావాలంటే ఉంటుంది. అందులో మా పాప పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆల్బమ్‌లున్నాయి.

హెల్త్ చెక్‌ల నాలుగు నిమిషాలకి కారణం ఇంకా చిన్నది. ఏమీ చెప్పకపోతే మొదటి చెక్ 30 సెకన్ల తర్వాతే జరుగుతుంది. డేటాబేస్ మూడు సెకన్లలో లేచి కూర్చున్నా, దాని మీద ఆధారపడ్డ కంటెయినర్ మిగతా ఇరవై ఏడు సెకన్లూ గుమ్మంలోనే నిలబడుతుంది. డాకర్ ఇంజిన్ 25 నుంచి, లేచే సమయంలో చెక్‌కీ చెక్‌కీ మధ్య ఎడాన్ని స్టార్ట్ ఇంటర్వల్ అని విడిగా ఇవ్వొచ్చు. స్టార్ట్ పీరియడ్‌తో (లేవడానికి ఇచ్చే గడువుతో) కలిపి రెండు సెకన్లు అని ఇచ్చాను. నాలుగు నిమిషాలు నలభై సెకన్లయ్యాయి.

అసలు ప్రతి వారం ఎందుకు?

ఈ ప్రశ్న దగ్గర నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. వారం వారం వచ్చే ఇమేజ్‌లలో చాలావాటిలో అప్లికేషన్ మారదు. కింద ఉన్న డెబియనో ఆల్పైనో లాంటి లినక్స్ ప్యాకేజీలు మారాయని తిరిగి కట్టి పెడతారు. కింది లేయరు మారితే పైవన్నీ కొత్తవే, మళ్లీ దించాలి, మళ్లీ విప్పాలి. నెలకోసారి చేసుకుంటే నెమ్మది బాధే నాలుగో వంతు అవుతుంది కదా?

ఎక్స్‌జెడ్ కథ ఈ వాదనకే బలం ఇస్తుంది. ఆ వెర్షన్లు ముందుగా చేరింది కొత్తది రాగానే అందుకునేవాళ్లకే. కొత్తవి ఆలస్యంగా వచ్చే డెబియన్ స్టేబుల్‌లో నిదానంగా ఉన్నవాళ్లని అది తాకలేదు. కానీ 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు వాడే లాగ్‌ఫర్‌జే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు, గంటల్లోనే దాడి చేసేవాళ్లు ఇంటర్నెట్ అంతా గాలించడం మొదలుపెట్టారు. అప్పుడు నెలకోసారి పద్ధతిలో ఉన్నవాడు ఎంత భయపడి ఉంటాడు? ప్రస్తుతానికి నేను చేసిన రాజీ ఇది: బయటి ప్రపంచానికి తెరిచి ఉన్న రివర్స్ ప్రాక్సీ (బయటి నుంచి వచ్చేవాటిని లోపలి ప్రోగ్రాములకి చేర్చేది), ఇమ్మిచ్ వారం వారం. ఇంట్లోనే వాడుకునే జెల్లీఫిన్ లాంటివి నెలకోసారి. ఇది సరైన పద్ధతి అని వాదించను. ఇంతకన్నా మంచిది తోచలేదు.

ఇంకో సంగతి మాత్రం నిస్సందేహంగా చెబుతాను. అప్‌డేట్ ఎంతసేపు పట్టిందన్నది అమ్మకి సంబంధించిన లెక్క కాదు. ఫొటోలు ఎంతసేపు కనబడలేదన్నదే ఆమె లెక్క. నా స్క్రిప్టు "డౌన్" చేశాక పుల్ మొదలుపెట్టేది కాబట్టి, ఇమ్మిచ్ ఇమేజ్‌లు విప్పుకున్న పద్దెనిమిది నిమిషాలూ ఫొటోలు లేవు. వరస మార్చి, ముందు పుల్, తర్వాత నేరుగా "అప్" అన్నాను. పాత కంటెయినర్ నడుస్తుండగానే కొత్త ఇమేజ్ దిగి విప్పుకుని సిద్ధంగా ఉంటుంది. పై-హోల్ చిక్కు కూడా సగం దీనితోనే విడిపోయింది. మిగతా సగానికి లాప్‌టాప్ డీఎన్ఎస్‌ని పై-హోల్ నుంచి బయటి డీఎన్ఎస్ అయిన 1.1.1.1కి మార్చి, పై-హోల్‌ని వరసలో చివరికి తోశాను. పాత డిస్క్ మీదే ఉన్న రోజుల్లో ఈ ఒక్క మార్పుతో ఫొటోలు మాయమయ్యే సమయం నిమిషం లోపుకి వచ్చింది. డిస్క్ ఊపిరాడకుండా రాస్తున్నప్పుడు ఆల్బమ్ తెరుచుకోవడానికి పది పదిహేను సెకన్లు పట్టేది, నిజమే. కానీ తెరుచుకునేది.

ఎస్ఎస్‌డీ 500 జీబీది తీసుకుని లోపలి పాత దాని స్థానంలో వేశాను. డాకర్ డేటా, డేటాబేస్ అక్కడికి. ఫొటోలు, సినిమాలు ఆ షింగిల్డ్ డిస్క్ మీదే ఉన్నాయి, పెద్ద ఫైళ్లని వరసగా రాయడానికి దానికేం లోటు లేదు. పోయిన ఆదివారం మొత్తం ఆరున్నర నిమిషాల్లో అయింది. ఫొటోలు ఆగింది 22 సెకన్లు.

ఆ 22లో పదకొండు సెకన్లు ఇమ్మిచ్ సర్వర్ లేచాక ఏదో చేస్తూ గడుపుతోంది. డిస్క్ ఖాళీగా ఉంది, ప్రాసెసర్ ఖాళీగా ఉంది, లాగ్‌లో ఆ పదకొండు సెకన్లకి ఒక్క లైను లేదు. ఈ ఆదివారం లాగ్ లెవెల్ పెంచి చూస్తాను. అమ్మకి పదింటికి చూడొద్దని చెప్పలేదు.